కర్బన పూతలు – మొక్కల నూనెలు: ఘర్షణ, అరుగుదల



‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అని మనకొక సామెత ఉంది. ఎడ్లబండ్లు తిరిగిన రోజుల్లో పుట్టిన మాట ఇది. ఇరుసుకూ చక్రానికీ మధ్య కందెన లేకపోతే బండి కిర్రుకిర్రుమంటూ ఊరంతటికీ వినిపిస్తుంది. ఎద్దులకు శ్రమ పెరుగుతుంది, ఇరుసు అరిగిపోతుంది. మరి ఆ కందెనను ఎలా తయారు చేసేవారో తెలుసా? మీ ఇంట్లో పెద్దవారిని అడిగి చూడండి. చాలా ఊళ్లలో ఎండుగడ్డిని కాల్చి, ఆ మసిని ఆముదంలో రంగరించి, వెదురు గొట్టంలో పోసి బండికి కట్టుకునేవారు. ఇరుసు కిర్రుమన్నప్పుడల్లా కాస్త తీసి రాసేవారు.

ఆ గొట్టంలో ఉన్నవి రెండే పదార్థాలు. మసి అంటే కర్బనం, ఆముదం అంటే మొక్క నూనె. ఈనాటి మన పాఠంలోనూ ఇవే రెండు పదార్థాలు. అయితే ఈ కర్బనం మసి కాదు. ఉక్కు మీద వెంట్రుక కంటే ఎంతో పలుచగా ఉండే గట్టి పూత. కారు ఇంజన్ల భాగాల మీద, గేర్ల మీద, కంప్యూటరు హార్డ్ డిస్కుల మీద ఈ పూత వేస్తున్నారు. దీనికి జతగా ఖనిజ నూనె బదులు మొక్కల నూనె వాడవచ్చా? వాడితే ఘర్షణ ఎంత, అరుగుదల ఎంత? ఈ ప్రశ్నలకు రసాయన శాస్త్రం ఇచ్చే జవాబు ఏమిటో ఈ రోజు తెలుసుకుందాం.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచంలో మనిషి వాడే మొత్తం శక్తిలో సుమారు 23 శాతం ఘర్షణ, అరుగుదలల వల్లనే ఖర్చవుతోందని హోల్మ్‌బెర్గ్, ఎర్డెమిర్ అనే శాస్త్రవేత్తలు 2017లో అంచనా వేశారు. ఇందులో 20 శాతం ఘర్షణను అధిగమించడానికి, 3 శాతం అరిగిపోయిన భాగాలను తిరిగి తయారు చేయడానికి పోతోంది.

ఘర్షణ వేరు, అరుగుదల వేరు

ముందుగా ఒక పొరపాటును తొలగించుకోవాలి. ఘర్షణ తగ్గితే అరుగుదల కూడా దానంతట అదే తగ్గుతుందని మనలో చాలామంది అనుకుంటాం. ఇది నిజం కాదు. ఘర్షణ అంటే జారడాన్ని నిరోధించే బలం. అరుగుదల అంటే ఉపరితలం నుంచి పదార్థం ఊడిపోవడం. మొదటిదాని వల్ల శక్తి నష్టం, రెండవదాని వల్ల పదార్థ నష్టం.  బ్రేకు దిమ్మెకు ఘర్షణ ఎక్కువగానూ, అరుగుదల తక్కువగానూ ఉండాలి.

ఘర్షణ బలం అభిలంబ బలానికి అనులోమానుపాతంలో ఉంటుందనీ, కంటికి కనిపించే స్పర్శ వైశాల్యం మీద ఆధారపడదనీ మీరు పాఠ్యపుస్తకంలో చదివారు. ఫ్రాన్సుకు చెందిన ఆమంటన్ 1699లో ఈ నియమాలను ప్రకటించాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే లియొనార్డో డా విన్సీ వీటిని తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. వైశాల్యంతో సంబంధం ఎందుకు లేదన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇరవయ్యో శతాబ్దంలో దొరికింది. కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు చూపినదేమిటంటే, ఎంత నున్నగా ఉన్న లోహపు ఉపరితలమైనా సూక్ష్మదర్శినిలో కొండలూ లోయలే. రెండు ఉపరితలాలు కలిసినప్పుడు శిఖరాలు మాత్రమే తాకుతాయి. అసలు స్పర్శ వైశాల్యం కంటికి కనిపించే వైశాల్యంలో అతి చిన్న భాగం. ఆ కొద్ది శిఖరాల మీదే మొత్తం బరువు పడుతుంది. అక్కడ పీడనం ఎంతగా పెరుగుతుందంటే లోహం లోహానికి అతుక్కుంటుంది. జారాలంటే ఆ అతుకులు తెగాలి. తెగడానికి కావలసిన బలమే ఘర్షణలో ముఖ్య భాగం. తెగినప్పుడు ఊడివచ్చే తునకలే అరుగుదల.

అరుగుదలకు కూడా ఒక లెక్క ఉంది. 1953లో ఆర్చర్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం, అరిగిన ఘనపరిమాణం భారానికీ, జారిన దూరానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఉపరితల కాఠిన్యతకు విలోమానుపాతంలో ఉంటుంది. అంటే ఉపరితలం ఎంత గట్టిదైతే అరుగుదల అంత తక్కువ. గట్టి పూతల అవసరం ఇక్కడే మొదలైంది.

నూనె చేసే రెండు పనులు

నూనె రెండు రకాలుగా కాపాడుతుంది. మొదటిది, వేగంగా తిరిగే ఇరుసు నూనెను తనతో లాక్కుపోయి, ఆ పీడనంతో తానే పైకి తేలడం. తడి రోడ్డు మీద వేగంగా వెళ్లే వాహనం టైరు నీటి మీద తేలినట్టు. ఇంగ్లండులో బోషాంప్ టవర్ 1883లో ప్రయోగం చేసి ఈ పీడనాన్ని గమనించాడు. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ దానికి గణిత సమీకరణం ఇచ్చాడు. ఇక్కడ ఉపరితలాలు ఒకదానినొకటి తాకనే తాకవు. అందుచేత ముఖ్యమైనది నూనె స్నిగ్ధత మాత్రమే. ఉపరితలం ఉక్కా, కర్బనమా అన్నది అంతగా పట్టింపు కాదు.

కాని ఇంజను ఆగి మళ్లీ మొదలైనప్పుడు, వేగం తక్కువై భారం ఎక్కువైనప్పుడు, నూనె పక్కలకు పోయి శిఖరాలు తాకుతాయి. అప్పుడు కాపాడేది ఉపరితలానికి అంటిపెట్టుకున్న ఒకటి రెండు అణువుల మందం గల పొర మాత్రమే. దీనిని సరిహద్దు కందెన స్థితి అంటారు. 1920లలో విలియం హార్డీ దీనిని వివరంగా పరిశీలించాడు. యంత్రాల్లో అరుగుదల ఎక్కువగా ఈ స్థితిలోనే జరుగుతుంది. ఇక్కడ స్నిగ్ధత చాలదు. నూనె అణువు ఉపరితలాన్ని పట్టుకోవాలి. మన పాఠమంతా ఈ పట్టు గురించే.

వజ్రమూ కాదు, గ్రాఫైటూ కాదు

కర్బనానికి రెండు ప్రసిద్ధ రూపాలున్నాయి. వజ్రంలో ప్రతి కర్బన పరమాణువూ నాలుగు వైపులా నాలుగు పరమాణువులతో బంధం ఏర్పరచుకుంటుంది. దీనిని ఎస్‌పీ3 సంకరీకరణం అంటారు. అందుకే వజ్రానికి అంత కాఠిన్యత. గ్రాఫైటులో ప్రతి పరమాణువుకూ ఒకే తలంలో మూడు బంధాలుంటాయి. ఇది ఎస్‌పీ2. పొరల మధ్య బంధం బలహీనం కనుక పొర మీద పొర జారుతుంది. పెన్సిలు కాగితం మీద రాయగలగడం అందువల్లనే.

ఈ రెండు రకాల బంధాలూ క్రమం లేకుండా కలిసిపోయిన అస్ఫటిక కర్బనాన్ని వజ్ర సదృశ కర్బనం అంటారు. వాడుకలో దీని పేరు డీఎల్‌సీ. 1971లో ఐసెన్‌బర్గ్, ఛాబోట్ అనే శాస్త్రవేత్తలు కర్బన అయానుల పుంజంతో ఇలాంటి పొరలను తయారు చేసి వివరించారు. ఈనాడు ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. శూన్య గదిలో మీథేన్ లేదా ఎసిటిలీన్ వాయువును విద్యుత్తుతో ప్లాస్మాగా మార్చి, ఆ ముక్కలను ఉక్కు మీద పేరుకునేలా చేయడం ఒకటి. అలా వచ్చిన పూతలో హైడ్రోజన్ కూడా ఉంటుంది. గ్రాఫైటు దిమ్మె మీద విద్యుత్ చాపం కొట్టి కర్బన అయానులను పూయడం రెండవది. ఇందులో హైడ్రోజన్ దాదాపు ఉండదు, వజ్రపు బంధాలు ఎక్కువ.

బేరింగు ఉక్కు కాఠిన్యత 7, 8 గిగాపాస్కళ్లు ఉంటుంది. హైడ్రోజన్ ఉన్న డీఎల్‌సీ కాఠిన్యత సుమారు 10 నుంచి 30 గిగాపాస్కళ్లు. హైడ్రోజన్ లేని రకం 80 వరకు కూడా వెళుతుంది. పూత మందం సాధారణంగా 1 నుంచి 3 మైక్రాన్లు. హార్డ్ డిస్కు మీదైతే 2, 3 నానోమీటర్లే. మందంగా పూస్తే మేలే కదా అని మీరు అడగవచ్చు. కాని పూత లోపల సంపీడన ప్రతిబలం ఉంటుంది. మందం పెరిగితే ఆ ఒత్తిడికి పూతే పెచ్చులుగా లేచిపోతుంది. అందుకే ముందుగా క్రోమియం లేదా టైటానియం వంటి లోహపు పలుచని పొర వేసి, దాని మీద కర్బనాన్ని పూస్తారు. గోడకు సున్నం వేసే ముందు తొలి పూత వేయడం వంటిదే ఇది.

ఈ పూత గుణం పరిసరాలను బట్టి మారుతుంది. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఎర్డెమిర్ బృందం 1990లలో తయారు చేసిన హైడ్రోజన్ అధికంగా గల పూత, పొడి నైట్రోజన్‌లో 0.001 స్థాయి ఘర్షణ గుణకాన్ని చూపింది. తేమ గాలిలోకి తెస్తే ఇలాంటి పూతల ఘర్షణ ఎన్నో రెట్లు పెరుగుతుంది. హైడ్రోజన్ లేని పూత సంగతి ఇందుకు తలకిందులు. శూన్యంలో దాని ఘర్షణ ఎక్కువ, తేమ ఉంటే తక్కువ. కారణం సులువైనదే. ఉపరితలం మీది కర్బన పరమాణువులకు ఖాళీ చేతులుంటే అవి ఎదుటి ఉపరితలాన్ని పట్టుకుంటాయి. ఆ చేతులకు హైడ్రోజన్ గాని, నీటి నుంచి వచ్చిన హైడ్రాక్సిల్ గాని అందితే అవి శాంతిస్తాయి. ఈ ‘ఖాళీ చేతులు’ అన్న మాటను గుర్తుంచుకోండి. తర్వాత మనకు పనికివస్తుంది.

మొక్కల నూనె నిర్మాణం

మొక్కల నూనెలు చాలావరకు ట్రైగ్లిజరైడులే. ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు ఎస్టరు బంధాలతో తగిలి ఉంటాయి. ఆక్సిజన్ ఉన్న భాగం ధ్రువ స్వభావం గలది. అదే తల అనుకోండి. మిగిలిన పొడవైన హైడ్రోకార్బన్ గొలుసు తోక. ఆ తోకలో కర్బనాల మధ్య ద్విబంధాలు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి నూనె గుణం మారుతుంది. స్టియరిక్ ఆమ్లంలో ద్విబంధం లేదు, అది సంతృప్తం. ఓలియిక్ ఆమ్లంలో ఒకటి, లినోలియిక్‌లో రెండు, లినోలెనిక్‌లో మూడు.

ఈ నూనెలకు మంచి గుణాలు చాలానే ఉన్నాయి. వేడికి ఖనిజ నూనెలంత త్వరగా పలచబడనివి వీటిలో ఎక్కువ. తొందరగా అంటుకోవు. నేలలో, నీటిలో పడితే సూక్ష్మజీవులు వీటిని కొద్ది వారాల్లోనే చాలావరకు విచ్ఛిన్నం చేస్తాయి. అడవిలో చెట్లు కోసే గొలుసు రంపం చూడండి. దానికి పోసిన నూనె అంతా చివరికి నేలపాలే. పడవల పంకా ఇరుసుకు వేసిన కందెన నీటిలోకి జారుతుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2005లో కందెనలకు పర్యావరణ గుర్తును ప్రవేశపెట్టింది. అమెరికా జలాల్లో తిరిగే పెద్ద ఓడలు, నూనె నీటితో కలిసే చోట్ల పర్యావరణానికి హాని చేయని కందెనలు వాడాలని 2013 నాటి అనుమతి నిబంధనల్లో చేర్చారు.

లోపాలూ ఉన్నాయి. కొబ్బరి నూనె 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుందని మీకు తెలుసు. సంతృప్త ఆమ్లాలు ఎక్కువైతే జరిగేది అదే. ద్విబంధాలు ఎక్కువైతే మరో చిక్కు. గాలిలోని ఆక్సిజన్ ద్విబంధం పక్కనున్న కర్బనం మీద దాడి చేస్తుంది. నూనె మక్కు వాసన వస్తుంది, చిక్కబడుతుంది, చివరికి జిగురులా మారుతుంది. రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కర్బనం మరీ బలహీనం. అందుకే ఓలియిక్ కంటే లినోలియిక్, దానికంటే లినోలెనిక్ ఎన్నో రెట్లు త్వరగా చెడిపోతాయి. అవిసె నూనెలో లినోలెనిక్ ఎక్కువ కనుకనే అది గాలికి గట్టిపడి రంగుల తయారీకి పనికివస్తుంది. రంగుకు ఆ గుణం వరం, ఇంజనుకు శాపం.

ఇనుమును పట్టుకునే నూనె కర్బనాన్ని పట్టుకుంటుందా?

ఉక్కు మీద మొక్కల నూనె ఎలా పనిచేస్తుందో చాలాకాలంగా తెలుసు. ఇనుము పైన ఎప్పుడూ పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. కొవ్వు ఆమ్లం తల దానిని పట్టుకుని, ఇనుముతో చర్య జరిపి ఒక విధమైన సబ్బు పొరగా మారుతుంది. తోకలన్నీ తివాచీ నూలుపోగుల్లా నిలబడతాయి. ఎదుటి ఉపరితలం మీద కూడా అలాంటి తివాచీయే. రెండు తివాచీలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదం వాడారు. కాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న కాస్టర్ అనే మాట నుంచి వచ్చినదే.

ఇప్పుడు ఉక్కు మీద కర్బన పూత వేశామనుకోండి. లోహపు ఆక్సైడు లేదు, ఇనుము లేదు, సబ్బు ఏర్పడదు. ఇంతకాలం ఉక్కు కోసం తయారు చేసిన సంకలిత రసాయనాలకు ఇక్కడ పాత చిరునామా దొరకదు. కొన్నిసార్లు మేలుకు బదులు కీడే జరుగుతుంది. మాలిబ్డినం గల ఒక ప్రసిద్ధ సంకలితం ఉంది. ఉక్కు మీద అది ఘర్షణను బాగా తగ్గిస్తుంది. హైడ్రోజన్ ఉన్న డీఎల్‌సీ, ఉక్కు జత మధ్య కూడా ఘర్షణను తగ్గించగలదు. కాని అదే సమయంలో ఆ కర్బన పూతను త్వరగా అరగదీస్తుందని పలు ప్రయోగశాలల్లో తేలింది. ఘర్షణ వేరు, అరుగుదల వేరు అని మొదట చెప్పుకున్నది ఇందుకే. ఘర్షణ అంకె ఒక్కటే చూసి సంతోషించిన ఇంజనీరు కొంతకాలానికి పూత మాయమైన ఉక్కును చూడవలసి వస్తుంది.

మరి మొక్కల నూనె సంగతేమిటి? స్లొవేనియాలోని ల్యుబ్ల్యానా విశ్వవిద్యాలయంలో కలిన్, విజింటిన్ అనే శాస్త్రవేత్తలు ఉక్కు–ఉక్కు, ఉక్కు–డీఎల్‌సీ, డీఎల్‌సీ–డీఎల్‌సీ జతలను ఖనిజ నూనెలోనూ, జీవక్షయం చెందే నూనెల్లోనూ పోల్చి 2006లో ఫలితాలు ప్రచురించారు. కర్బన పూత జడమైనది, నూనె ఏదైనా దానికి ఒకటే అనే అభిప్రాయం అప్పటికి బలంగా ఉండేది. కాని ధ్రువ అణువులు, అసంతృప్త అణువులు ఎక్కువగా గల నూనెలు కర్బన జతకు కూడా మేలు చేస్తాయని వారి ప్రయోగాలు చూపాయి. అంటే కర్బనం కూడా నూనెను ఎంచుకుంటుంది.

ఎలా ఎంచుకుంటుంది? దీనికి చక్కని వివరణ 2019లో జర్మనీ నుంచి వచ్చింది. కువహరా, మోస్లర్, వారి సహచరులు హైడ్రోజన్ లేని కర్బన పూతలు రెండింటిని ఒకదాని మీద ఒకటి జార్చి, మధ్యలో ఓలియిక్ ఆమ్లం, గ్లిజరాల్ వంటి ద్రవాలు ఉంచి పరీక్షించారు. ఘర్షణ గుణకం 0.01 కంటే తక్కువకు పడిపోయే స్థితి సాధ్యమైంది, అరుగుదల లెక్కలోకి రానంత తక్కువ. ఏం జరిగిందో కంప్యూటరు అనుకరణలతో చూశారు. ఓలియిక్ ఆమ్లానికి రెండు చేతులున్నాయి. ఒకటి ఆమ్ల సమూహం, రెండవది తోక మధ్యలోని ద్విబంధం. ఒక చేత్తో కింది ఉపరితలాన్ని, రెండవ చేత్తో పై ఉపరితలాన్ని పట్టుకుని అణువు వంతెనలా నిలుస్తుంది. పై ఉపరితలం కదులుతుంటే అణువు సాగి ముక్కలవుతుంది. ఆ ముక్కల్లోని హైడ్రోజన్, హైడ్రాక్సిల్ వంటి సమూహాలు కర్బనపు ఖాళీ చేతులను నింపేస్తాయి. ఆ తర్వాత రెండు ఉపరితలాలూ ఒకదానినొకటి పట్టుకోలేవు.

స్టియరిక్ ఆమ్లానికి కూడా పద్దెనిమిది కర్బనాలే, తల కూడా అదే. కాని తోకలో ద్విబంధమనే రెండవ చెయ్యి లేదు. ఒక్క ద్విబంధం వల్ల ఇంత తేడా!

ఇప్పుడు రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూడండి. నూనె గాలికి చెడిపోవడానికి కారణం ద్విబంధం. నూనె కర్బనాన్ని పట్టుకోగలగడానికి కారణం కూడా ఆ ద్విబంధమే. బలహీనత అనుకున్నదే బలం కూడా అయింది. కనుక ద్విబంధాలను పూర్తిగా తీసేస్తే పట్టు పోతుంది, ఎక్కువగా ఉంచితే నిలకడ పోతుంది. ఒకే ద్విబంధం గల ఆమ్లాలు ఎక్కువగా ఉన్న నూనెలు నడిమి దారి. ఓలియిక్ 80 శాతానికి మించేలా పెంచిన పొద్దుతిరుగుడు రకాలు ఈ కోవలోనివే. మన ఆముదం కూడా అంతే. దానిలో దాదాపు 90 శాతం రిసినోలియిక్ ఆమ్లం. అందులో ఒక ద్విబంధం, దానితో పాటు తోక మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం కూడా ఉంది.

ఇక్కడ తొందరపడకూడదు. ఆ ప్రయోగం స్వచ్ఛమైన ఓలియిక్ ఆమ్లంతో, ఒక ప్రత్యేక రకపు పూతతో చేసినది. గానుగ నుంచి తెచ్చిన నూనెలో ఆమ్లాలు చాలావరకు గ్లిజరాల్‌కు కట్టుబడి ఉంటాయి. హైడ్రోజన్ ఉన్న పూత మీద ఖాళీ చేతులు మొదటే తక్కువ. నూనెలో స్వేచ్ఛా ఆమ్లాలు మరీ ఎక్కువైతే రాగి వంటి లోహపు భాగాలు తినిపోతాయి. వేడి పెరిగితే పూతలోని వజ్రపు బంధాలు గ్రాఫైటు బంధాలుగా మారి పూత మెత్తబడుతుంది. కనుక ఏ పూతకు ఏ నూనె అన్నది జతగా పరీక్షించి నిర్ణయించవలసిందే.

ఒక చిన్న లెక్క

ప్రయోగశాలలో ఒక బంతిని తిరిగే బిళ్ల మీద నొక్కి పరీక్షిస్తారు. భారం 10 న్యూటన్లు, జారిన దూరం 1000 మీటర్లు అనుకుందాం. ఒక న్యూటన్ భారంతో ఒక మీటరు జారితే అరిగే ఘనపరిమాణాన్ని విశిష్ట అరుగుదల రేటు అంటారు. అది ఒక ఘన మిల్లీమీటరులో కోటవ వంతు అనుకోండి. అప్పుడు మొత్తం అరుగుదల 10 × 1000 ÷ 1,00,00,000, అంటే 0.001 ఘన మిల్లీమీటరు. బంతి నడిచిన వలయం వ్యాసార్ధం 5 మి.మీ., గాడి వెడల్పు 0.2 మి.మీ. అయితే గాడి వైశాల్యం సుమారు 6.3 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే లోతు 0.16 మైక్రాను. పూత మందం 2 మైక్రాన్లు కనుక అది సుమారు 12.5 కిలోమీటర్ల దూరం నిలుస్తుంది.

ఇప్పుడు పూతకు నప్పని నూనె వాడి, అరుగుదల రేటు పది రెట్లు పెరిగిందనుకోండి. 1.25 కిలోమీటర్లకే పూత ఖాళీ! ఆ తర్వాత మిగిలేది మామూలు ఉక్కే. ఇటు ఘర్షణ లెక్క చూద్దాం. గుణకం 0.1 అయితే ఆ 1000 మీటర్లకు ఖర్చయ్యే శక్తి 1000 జౌళ్లు. గుణకం 0.01 అయితే 100 జౌళ్లు మాత్రమే. ఈ రెండు లెక్కలనూ కలిపి చూసినప్పుడే ఒక జత మంచిదో కాదో తెలుస్తుంది.

మన దేశానికి దీనితో పనేమిటి?

ప్రపంచంలో ఆముదం అత్యధికంగా పండించే దేశం మనదే. అందులో పెద్ద వాటా గుజరాత్‌ది. మన తెలుగు నేల మీద పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ఎర్ర చెల్కల్లో వర్షాధారంగా ఈ పంట చాలాకాలంగా ఉంది. వంట నూనెల్లో మన అవసరాల్లో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం. కనుక తినే నూనెను యంత్రాలకు పోయడం మనకు తగదు. ఆముదం, కానుగ వంటి వంటకు పనికిరాని నూనెలే మనకు దారి. హైదరాబాదులోనే భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. నూనెల రసాయనశాస్త్రంలో పనిచేసే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. ఉపరితల పూతల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉంది. విత్తనం, నూనె, పూత అనే మూడు విద్యలూ ఒకే నగరంలో ఉన్నాయి. మీలో రసాయన శాస్త్రం చదివేవారికీ, యాంత్రిక ఇంజనీరింగు చదివేవారికీ, వ్యవసాయ శాస్త్రం చదివేవారికీ ఇక్కడ కలిసి చేయవలసిన పని ఉంది.

మీరు చేసి చూడండి

ఖరీదైన పరికరాలు లేకుండా చేయదగిన ప్రయోగాలు రెండు చెబుతాను. మొదటిది: ఒక గాజు పలకను ఏటవాలుగా ఉంచి, దాని మీద నున్నని ఉక్కు బిళ్లను పెట్టండి. పలకను మెల్లగా ఎత్తుతూ, బిళ్ల జారడం మొదలైన కోణాన్ని కొలవండి. ఆ కోణం టాంజెంటు విలువే స్థైతిక ఘర్షణ గుణకం. 17 డిగ్రీల దగ్గర జారితే గుణకం సుమారు 0.3. తర్వాత ఆముదం, వేరుశనగ నూనె, యంత్రాల ఖనిజ నూనె విడివిడిగా రాసి కొలవండి. నూనెను ధారాళంగా పోసి వదిలేస్తే దాని చిక్కదనమే బిళ్లను పట్టి ఉంచుతుంది, కొలత తప్పుతుంది. శుభ్రమైన గుడ్డతో తుడిచి పలుచని పొర మాత్రమే మిగల్చండి. ప్రతి నూనెకూ పదిసార్లు కొలిచి సగటు తీయండి.

రెండవది: నాలుగు గాజు పలకల మీద అవిసె, పొద్దుతిరుగుడు, వేరుశనగ, ఆముదం నూనెలను పలుచగా రాసి, దుమ్ము పడనిచోట ఉంచండి. వారానికొకసారి వేలితో తాకి చూసి రాసుకోండి. ఏది ముందు జిగురవుతుంది? ఏది చివరి వరకు నూనెగా మిగులుతుంది? ద్విబంధాల సంఖ్యతో మీ ఫలితాలను పోల్చండి.

ఈనాటి పాఠాన్ని మూడు ముక్కల్లో చెప్పుకుందాం. ఘర్షణను, అరుగుదలను విడివిడిగా కొలవాలి. కందెన మంచిదా కాదా అన్నది ఉపరితలాన్ని చూడకుండా చెప్పలేం. మొక్కల నూనెలోని ద్విబంధం ఒకవైపు దానిని చెడగొడుతుంది, మరోవైపు కర్బనంతో దానికి చెలిమి కలుపుతుంది. మసినీ ఆముదాన్నీ కలిపిన మన రైతుకు ద్విబంధం సంగతి తెలియదు. ఇరుసు ఎన్ని కోసులు నిలిచిందో మాత్రం బాగా తెలుసు. ఆ జతను అతడు అనుభవంతో పరీక్షించుకున్నాడు. మీరు కారణం కూడా తెలుసుకుని పరీక్షించే అవకాశం ఉన్నవారు. ఆ అవకాశాన్ని వదులుకోకండి.